వెనక్కి నడిచే ఎలుగు

"ఏవండీ, అది వెనక్కి నడుస్తోందేంటి!" అంటూ మా ఆవిడ నా చేతిలోంచి బైనాక్యులర్స్ లాగేసుకుంది.

న్యూజెర్సీ పైభాగంలో స్టోక్స్ అడవి, నవంబర్ చలి. వేళ్లతో సహా పడిపోయిన ఓక్ చెట్టు కింద గుంత, దాని ముందు నల్ల ఎలుగు. ముందు కాళ్లతో ఎండుటాకులు పొట్ట కిందికి గుంజుకుంటూ, వెనక్కి వెనక్కి జరుగుతూ గుంతలోకి ఈడ్చుకుపోతోంది. కాసేపటికి బయటికొచ్చి ఇంకో మోపు. మధ్యలో మూతికి అంటుకున్న ఆకును విదిలించుకుంది చూడండి, అచ్చం విసుక్కున్నట్టే.

నేనేమో ఇన్నాళ్లూ ఎలుగు చలికాలం నిద్రకి వెళ్లే గుహ అంటే పెద్ద రాతి గుహే అనుకున్నా. ఇక్కడ చాలావాటికి ఇలాంటి గుంతో, కంపల గుట్టో, ఒక్కోసారి ఎవరింటి డెక్ (చెక్క అరుగు) కిందో సరిపోతుందట.

కడుపుతో ఉన్నవే ముందుగా లోపలికెళ్లి పడుకుంటాయి. జనవరిలో పిల్లలు, ఒక్కోటి అరకిలో కూడా ఉండదు. తల్లి తిండీ నీళ్లూ లేకుండానే వాటికి పాలిస్తుంది.

"మనకేమో ఇండియా వెళ్లాలంటే ఆరు సూట్‌కేసులు" అంది మా ఆవిడ.

ఇంతలో అది తలెత్తి గాలి వాసన చూసింది. బ్యాగులో పులిహోర ఉంది. చప్పుడు చేయకుండా వెనక్కి నడిచాం, మేమూ.