తూనీగ కన్ను దొరికేదాకా

చిన్న వస్తువులను బాగా దగ్గరి నుంచి తీసే మాక్రో లెన్స్ కొన్న కొత్తలో నేను తీసిన ఫోటోల్లో తూనీగ రెక్కల ఈనెలు, అది వాలిన పుల్ల, ఒక్కోసారి కాళ్ల మీది నూగు కూడా స్పష్టంగా పడేవి గానీ, కన్ను మాత్రం మసకగానే ఉండేది. లెన్స్‌లోనే లోపం ఉందేమోనని బల్ల మీద స్కేలును ఏటవాలుగా నిలబెట్టి పరీక్షించాను. లెన్స్ బాగానే ఉంది; అయితే మిల్లీమీటరు గీతల్లో ఒకటి రెండు మాత్రమే స్పష్టంగా కనబడి, వాటికి ముందూ వెనుకా ఉన్నవన్నీ అలుక్కుపోయాయి. పురుగు అసలు ఎంత ఉందో కెమెరా లోపల బొమ్మ పడే పలక, అంటే సెన్సర్ మీద అంతే పరిమాణంలో పడేంత దగ్గరికి వెళ్లినప్పుడు, పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్/8 వద్ద (ఇది లెన్స్ లోపలి రంధ్రం, అంటే అపర్చర్ కొలత; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) స్పష్టత నిలిచే మందం సుమారు 1 మిల్లీమీటరే ఉంటుందని ఆ తరువాత లెక్క కట్టుకున్నాను.

రంధ్రం చిన్నదైతే ఆ మందం పెరుగుతుంది కదా అని, అపర్చర్‌ను ఎఫ్/22కి తగ్గిస్తే సరిపోతుందనుకోవడం నేను చేసిన రెండో పొరపాటు. అంత దగ్గరలో ఎఫ్/22 నిజానికి ఎఫ్/44లా పనిచేస్తుంది కనుక, చిన్న రంధ్రం అంచుల దగ్గర కాంతి వంగి చెదిరి, ఫోటో మొత్తం మెత్తబడిపోయింది. అప్పటినుంచి ఎఫ్/8, ఎఫ్/11 మధ్యనే ఉంటున్నాను.

ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ తడుముకుంటూ ఉండగానే పురుగు ఎగిరిపోయేది. అందువల్ల దానిని ఆపివేసి, లెన్స్ రింగును ఒకచోట ఉంచి, నేనే వెంట్రుకవాసి చొప్పున ముందుకు వంగుతూ కన్ను తేటపడిన క్షణంలో వరుసగా నాలుగైదు ఫోటోలు తీయడం అలవాటు చేసుకున్నాను. ఎడమ చేతితో పుల్లను పట్టుకుని, అదే చేతి మీద లెన్స్‌ను ఆనించడం అన్నిటికన్నా ఎక్కువ ఉపకరించింది, ఎందుకంటే గాలి వీచినా పురుగూ కెమెరా కలిసే కదులుతాయి. మిగిలిన వణుకును ఫ్లాష్ చూసుకుంటుంది: తక్కువ శక్తిలో దాని మెరుపు సెకనును కొన్ని వేల భాగాలు చేస్తే అందులో ఒక భాగం మాత్రమే ఉంటుంది. ముందు ఒక తెల్లకాగితం అడ్డుపెట్టకపోతే మాత్రం కన్నంతా తెల్లటి మచ్చ పడుతుంది.

పక్కనుంచి తీసేటప్పుడు సెన్సర్ తూనీగ ఒంటికి సమాంతరంగా ఉంటే తల నుంచి తోక దాకా ఆ ఒక్క మిల్లీమీటరులోనే చాలావరకు ఇమిడిపోతుంది. ముఖాన్ని ఎదురుగా తీయాలంటే ఆ ఉపాయం పనికిరాదు. అప్పుడు అరమిల్లీమీటరు చొప్పున జరుపుతూ తీసిన ఫోటోలను సాఫ్ట్‌వేర్‌లో కలపవలసి వస్తుంది, అంతసేపూ పురుగు కదలకూడదు. ఇందుకోసం పురుగులను ఫ్రిజ్‌లో పెట్టేవారున్నారు. ఆ పని నాకు నచ్చదు. తెల్లవారుజామున చలికి అవి ఎలాగూ ఎగరలేవు, కాస్త ముందు నిద్ర లేస్తే చాలు.

అలా ఒక మంచు ఉదయాన పన్నెండు ఫోటోలు తీయబోయాను. తొమ్మిదో దాని దగ్గర తూనీగ ముందుకాలు ఎత్తి కన్ను తుడుచుకుంది. మొదటి ఎనిమిదింటినే కలిపితే కంటిలోని షడ్భుజాల గళ్లు విడివిడిగా లెక్కపెట్టగలిగేటట్లు వచ్చాయి, తల వెనుక భాగం మసకగానే ఉండిపోయింది.