సబ్‌వూఫర్‌కు చోటు వెతికిన మూడు ఆదివారాలు

బరంపురంలోని మా పాత వీధిలో ఇళ్ళన్నీ పక్కింటితో గోడ పంచుకుంటూ, ఇరుకుగా, పొడవుగా సాగిపోతాయి. మా హాలు పొడవు 5 మీటర్లు. అక్కడి చిన్న స్పీకర్లలో మృదంగం కుడివైపు దెబ్బలు స్ఫుటంగా వినిపించేవి గానీ, దాని ఎడమవైపు ముఖమైన తొప్పి మీద అరచేయి జారినప్పుడు పుట్టే నిండు నాదం సగమే పలికేది. ఆ లోటు తీర్చుకోవడానికే సబ్‌వూఫర్, అంటే మంద్ర ధ్వనులను (బాస్) మాత్రమే పలికే స్పీకరు పెట్టె, కొన్నాను.

మొదట దానిని మూలన పెట్టి వాల్యూమ్ పెంచాను. వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు గలగలలాడాయి తప్ప తొప్పి బాగుపడలేదు. ఒక స్వరం ఉబ్బితే పక్క స్వరం మాయమయ్యేది. లోపం పెట్టెది కాదు, గదిది. ధ్వని వేగం సెకనుకు సుమారు 344 మీటర్లు కనుక, 5 మీటర్ల పొడవు వెంబడి మొదటి స్థిర తరంగం (ఎదురెదురు గోడల మధ్య ధ్వని తిరిగి తిరిగి తగిలి, కొన్ని చోట్ల ఉబ్బి కొన్ని చోట్ల మాయమయ్యే స్థితి) 34 హెర్ట్జ్ దగ్గర, రెండవది 68 దగ్గర ఏర్పడతాయి. నా కుర్చీ సరిగ్గా గది నడుమ ఉండేది. అక్కడ మొదటిది దాదాపు వినిపించదు, రెండవది మితిమీరి మోగుతుంది. కుర్చీని మూరన్నర వెనక్కి జరపగానే సగం పని తీరింది.

తరువాతి ఆదివారం సబ్‌వూఫర్‌నే ఆ కుర్చీలో కూర్చోబెట్టి, బాస్ గిటారు మెట్లు మెట్లుగా దిగే పాట ఒకటి వేసి, నేను గోడల వెంట నేలబారుగా వంగి తిరిగాను. ప్రతి స్వరమూ సమంగా వినిపించిన చోటికే పెట్టెను మార్చాను. ధ్వని పుట్టే చోటూ వినే చోటూ తారుమారైనా గది స్పందన మారదు కనుక ఈ పద్ధతి పనిచేస్తుంది. మాకు దొరికిన చోటు మూల కాదు, ఎడమ గోడ మధ్య భాగం.

సబ్‌వూఫర్ ఏ స్వరం వరకు పలకాలో నిర్ణయించే హద్దు క్రాసోవర్. దానిని సాధారణంగా 80 హెర్ట్జ్ దగ్గర పెట్టమంటారు. కానీ నా స్టీరియో ఆంప్లిఫైయర్‌లో స్పీకర్లకు మంద్ర ధ్వనులు వెళ్ళకుండా ఆపే ఏర్పాటు లేదు. ఆ స్పీకర్లు కిందికి 60 వరకు పలికి తగ్గిపోతాయి. అందుచేత 80 వద్ద స్పీకర్లూ సబ్‌వూఫరూ ఒకే స్వరాలను పలికి బాస్ అంతా ముద్దయింది. 60కి దించాక విడివడింది.

నా అనుభవంలో అందరూ వదిలేసేది ఫేజ్ స్విచ్, అంటే సబ్‌వూఫర్ గాలిని నెట్టే, లాగే వరసను తిరగేసే మీట. 60 హెర్ట్జ్ స్వరం ఒక్కటే మోగిస్తూ, నేను కుర్చీలో కూర్చుని, మా ఆవిడ చేత ఆ మీటను 0, 180 గుర్తుల మధ్య మార్పించాను. 180 దగ్గర ధ్వని బాగా పెరిగింది. అంటే అంతవరకు స్పీకర్లు నెట్టిన గాలిని సబ్‌వూఫర్ వెనక్కి లాగుతూ వచ్చిందన్నమాట. వాల్యూమ్‌ను అన్నిటికన్నా చివర, మృదంగం వింటూ, కొద్దికొద్దిగా పెంచాను. పక్కింటివారి గోడను తలచుకొని ఆ నాబ్ పక్కన పెన్సిలుతో రెండు గీతలు గీశాను: ఒకటి పగటికి, దానికన్నా కిందిది రాత్రి తొమ్మిది దాటాక.