నడుము కీళ్ళు అరిగాక

నా నడుము నొప్పికి ఒక వింత గుణం ఉండేది. ముందుకు వంగితే హాయి, వెనక్కి విరుచుకుంటే నరకం. బోర్డు పై అంచున తేదీ రాయడానికి చెయ్యెత్తితే చాలు, కుడి పిరుదు నుంచి తొడ వెనకవైపు దాకా సలుపు పాకేది. మోకాలు మాత్రం దాటేది కాదు. స్టాఫ్ రూములో అందరూ ‘డిస్కు జారి ఉంటుంది టీచర్‌గారూ’ అని తేల్చేశారు.

ఎముకల డాక్టరు నన్ను వెనక్కి వంచి, పక్కకు తిప్పి చూసి, డిస్కు, అంటే పూసల నడుమ ఉండే మెత్త కన్నా, వెన్ను వెనకవైపుండే చిన్న కీళ్ళ మీదే అనుమానమన్నారు. వెన్నుపూసల మధ్య కుడి ఎడమల ఒక్కో ఫేసెట్ కీలు ఉంటుందట. మోకాలిలో ఉన్నట్టే వాటిలోనూ మృదులాస్థి, అంటే ఎముకల చివర నున్నటి పొర, ఉంటుంది, వయసుతో అరుగుతుంది. ఎంఆర్ఐలో ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుము కింది భాగంలో నాలుగో, ఐదో పూసల మధ్య, ఆ అరుగుదల కనిపించింది. ‘నొప్పి లేనివాళ్ళలోనూ ఇది కనబడుతుందమ్మా. ఫిల్మ్ చూసి చికిత్స చేయను’ అన్నారాయన. ఆ మాటతో ఆయన మీద గురి కుదిరింది.

నాకు బీపీ ఉంది. నొప్పి మాత్రల్లో చాలా రకాలు దాన్ని పెంచవచ్చు, కిడ్నీలకూ మంచివి కావు. అందుకని మరీ భరించలేని రోజులకే వాటిని ఉంచుకున్నాను. ఫిజియోథెరపీలో మోకాళ్ళు పొట్టకు చేర్చడం, పొట్ట కండరాలు బిగించడం నేర్పారు. కొంత మేలు చేసింది కానీ, నొప్పి వల్ల సగంలోనే ఆపాల్సి వచ్చేది. ఆడపడుచు ఇచ్చిన తైలం గురించి చెప్పను, ఆవిడ ఇది చదువుతుంది.

చివరికి పరీక్ష సూది వేశారు. బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, కీలు నొప్పిని మోసుకెళ్ళే సన్నని నరాల పక్కన కాస్త మత్తుమందు. ఒక్కో కీలుకు రెండు నరాలు, కనుక రెండుచోట్ల. తరువాత ‘ఏం చేస్తే నొప్పి వస్తుందో అదే చేయండి’ అన్నారు. ఆసుపత్రి వరండాలో వెనక్కి విరుచుకుని నిలబడ్డాను. ఏమీ లేదు! పక్కనున్నవాళ్ళు వింతగా చూశారు. మందు దిగిన కొద్ది గంటలకే సలుపు తిరిగొచ్చింది. అయినా దిగులు వేయలేదు, దొంగ దొరికాడు కదా. ఒక్కసారి తగ్గడం మనసు చేసే మాయ కూడా కావచ్చని మరో రోజు మళ్ళీ వేసి చూశారు. జవాబు మారలేదు.

అప్పుడు రేడియో తరంగాల చికిత్స. సూది కొనను సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి ఆ నరాలను మాడుస్తారు. అంతకు ముందు చిన్నగా కరెంటు పంపి, కాలు అదరడం లేదని చూసుకున్నారు. కాలికి వెళ్ళే నరం దరిదాపుల్లో సూది లేదని అలా తెలుస్తుందట. తరువాత కొన్నాళ్ళు చర్మం కమిలినట్టు మంట, ఆపైన మెల్లగా ఊరట. కాలి నరం నొక్కుకుపోలేదు, ఎముక పక్కకు జరగలేదు కాబట్టి ఆపరేషన్ మాటే ఎత్తలేదు. బీమా సంస్థ మాత్రం ఆసుపత్రిలో రాత్రి పడుకోలేదు కదా అని పేచీ పెట్టింది. ఆ ఉత్తరాలు రాయడమే సూదికన్నా ఎక్కువ బాధ.

మాడిన నరం మళ్ళీ మొలుస్తుంది. ఆరు నెలలకో ఏడాదికో నొప్పి తిరిగి రావచ్చని ముందే చెప్పారు. ఆ వ్యవధిలో సగంలో వదిలేసిన వ్యాయామాలన్నీ పూర్తిగా చేయగలిగాను. ఈమధ్య బట్టలు ఆరేస్తుంటే కుడివైపు మళ్ళీ పట్టేస్తోంది, మునుపంత కాదు. కావాలంటే ఇంకోసారి చేయవచ్చట. పదో తరగతి పరీక్షలు అయ్యాక చూద్దామని చెప్పి వచ్చాను.