కీర్తన వచనంలో రెండు సగాలు: కోరస్ పాడేవాళ్లు చూసుకోవలసినవి

బైబిల్ కీర్తనల్లో దాదాపు ప్రతి వచనమూ రెండు సగాలుగా విడిపోతుంది. మొదటి సగం అన్న మాటను రెండోది మరోలా అంటుంది, లేదా ఇంకాస్త ముందుకు తీసుకెళ్తుంది. అయితే వచనాల పొడవు ఒక్కలా ఉండదు. ఒకటి ఆరు మాటల్లో అయిపోతే పక్కది పదిహేను దాకా పోతుంది. ఆ రెండూ ఒకే సంగీతంలో ఇమడాలి. స్వరకర్తకైనా, పాడే బృందానికైనా అసలు చిక్కు ఇక్కడే.

వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ కోసం 17వ శతాబ్దంలో గ్రెగోరియో అల్లెగ్రి కూర్చిన 'మిసెరెరే' దీన్ని చాలా సూటిగా పరిష్కరిస్తుంది. ఇది 51వ కీర్తన. (లాటిన్ బైబిల్లో 50. అక్కడ చాలా కీర్తనల సంఖ్య ఒకటి తక్కువ. స్కోరు, అంటే సంగీతం రాసిన ప్రతి, వెతికేటప్పుడు గుర్తుంచుకోండి.) ఐదు స్వరాల బృందం (ఐదు వేరువేరు వరుసలు ఒకేసారి పాడేది) ఒక వచనం, నాలుగు స్వరాల బృందం మరొకటి, వాటి మధ్య వచనాలు ఏకస్వరంలో, అంటే అందరూ ఒకే వరుస పాడుతూ. చివర్లో రెండు బృందాలూ తొమ్మిది స్వరాలుగా కలుస్తాయి. ప్రతి సగంలోని మాటలు చాలావరకు ఒకే కార్డ్ (కలిసి మోగే కొన్ని స్వరాలు) మీద పలుకుతారు, చివరి కొన్ని అక్షరాలకే స్వరాలు కదులుతాయి.

చూడ్డానికి సులువు. చెడిపోయేదీ ఇక్కడే. కార్డ్ మీద నిలిచినప్పుడు బృందం ప్రతి అక్షరానికీ సమానమైన కాలం ఇచ్చేస్తుంది, మాట చచ్చిపోతుంది. అదే స్వరం పదే పదే పలకడంతో శ్రుతి కూడా జారుతుంది, ముఖ్యంగా కార్డ్‌లో మూడో స్వరం పట్టినవాళ్ల దగ్గర. ముందు వచనాన్ని స్వరం లేకుండా అందరూ కలిసి చదవాలి. 'మిసెరికోర్దియామ్'లో బరువు 'కోర్' మీద, చివరి అక్షరం తేలిక. తర్వాత ఒకే స్వరం మీద, ఆ తర్వాతే కార్డ్‌లో. సగాల మధ్య విరామాన్ని లెక్కపెట్టకండి. గదిలో ప్రతిధ్వని అణిగేదాకా ఆగి, అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుని మొదలుపెట్టాలి. ప్రతిధ్వని తక్కువగా ఉన్న గదిలో ఎక్కువసేపు ఆగితే ఖాళీగా వినిపిస్తుంది, కాబట్టి తగ్గించుకోవాలి.

'మిసెరెరే'లో అందరూ ఎదురుచూసే ఆ పై 'సి', అంటే చాలా ఎత్తైన ఆ స్వరం, అల్లెగ్రి రాసింది కాదు. తర్వాతి కాలపు ప్రతుల్లో ఒక భాగం 'స' నుంచి 'మ' దాకా ఉన్నంత ఎత్తు పైకెక్కి అతుక్కుంది. అక్కడికి హాయిగా చేరే సోప్రానో (అన్నిటికన్నా ఎత్తైన గొంతు) లేకపోతే అది లేని ప్రతి తీసుకోవడమే మేలు. రచనకు ఏ లోటూ రాదు.

హాండెల్ 1707లో రోమ్‌లో రాసిన 'డిక్సిత్ డోమినుస్' (110వ కీర్తన) దారి వేరు. ఇక్కడ సంగీతం మాట అర్థాన్నే పట్టుకుంటుంది. 'కొన్‌క్వస్సాబిత్', అంటే నలగగొట్టును, అక్షరాలుగా విరిగి పదే పదే కొట్టినట్టు వస్తుంది. గొంతు బిగిస్తే నిలవదు. ప్రతి దెబ్బా పొట్ట కండరాల నుంచి రావాలి.

బెర్న్‌స్టైన్ 'చిచెస్టర్ సామ్స్' (1965) హీబ్రూలో ఉంటుంది. అందులో 100వ కీర్తన ఏడు మాత్రల్లో నడుస్తుంది, ఎక్కువగా 2+2+3. మన మిశ్రచాపు (3+2+2) తిరగేసినట్టు. చివరి మూడును నాలుగుగా సాగదీయడం మామూలు పొరపాటు. రెండో భాగంలో 23వ కీర్తన మీదికి మగవాళ్లు 2వ కీర్తనతో విరుచుకుపడతారు. తర్వాత ఎత్తైన గొంతులవాళ్లు తిరిగి వచ్చేచోట, ముప్పు సంగతే తెలియనంత హాయిగా పాడమని స్కోరులో ఉంది. అయినా పోటీకి దిగి గొంతు పెంచేస్తారు. కండక్టర్ ముందే ఆపాలి.

నాకు అన్నిటికన్నా సాహసంగా తోచేది స్ట్రావిన్‌స్కీ 'సింఫనీ ఆఫ్ సామ్స్' (1930)లో 150వ కీర్తన. కంచు తాళాలతో స్తుతించమనే వచనాన్ని ఆయన నెమ్మదిగా, చిన్న గొంతుతో పాడించాడు. ఆర్కెస్ట్రాలో తాళాలే లేవు, వయొలిన్లూ లేవు. కింద నాలుగు స్వరాల వరుస మూడు మాత్రల కొలతకు అడ్డంగా తిరుగుతూనే ఉంటుంది. బృందం ఆ వరుసను అనుసరించిందంటే తప్పిపోతుంది. కండక్టర్ చేతినే నమ్ముకోవాలి.