తిరుగు ప్రయాణం ఆరు గంటలు కాదు

పడుకుందామంటే అక్క మాటే చెవిలో తిరుగుతోంది. "టోక్యో నుంచి వచ్చేటప్పుడు విమానంలో ఆరు గంటలేలే, అమ్మకి ఇబ్బంది ఉండదు" అంది. అక్క లెక్కల సంగతి మీకు తెలిసిందే.

టికెట్‌లో ఉన్నది ఇదీ: ఢిల్లీలో రాత్రి 8:00కి ఎక్కితే టోక్యోలో ఉదయం 7:00. తిరుగులో టోక్యోలో ఉదయం 10:00, ఢిల్లీలో సాయంత్రం 4:00. అంకెలు తీసివేస్తే పోను పదకొండు, రాను ఆరు. రెండూ తప్పే. టికెట్ మీద ఏ ఊరికి ఆ ఊరి టైమే వేస్తారు. టోక్యో మనకన్నా మూడున్నర గంటలు ముందు. పోయేటప్పుడు ఆ మూడున్నర తీసెయ్యాలి, ఏడున్నర. వచ్చేటప్పుడు కలపాలి, తొమ్మిదిన్నర. తక్కువనుకున్నదే ఎక్కువన్నమాట.

ఇంకా చిరాకు తెప్పించేది ఆ రెడీమేడ్ లెక్క. 5,860 కిలోమీటర్లని గంటకి 900తో భాగించి "ఆరున్నర గంటలు" అనేస్తారు. దూరం సరైనదే, గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే వచ్చేది అంతే. మరి గాలి?

ఇదివరకు వెళ్ళినప్పుడు సీటు ముందు తెర మీద చూసిన మ్యాపు గుర్తొస్తోంది. చలికాలం. పోయేటప్పుడు నేలతో పోల్చిన విమానం వేగం గంటకి 1,080 కిలోమీటర్లు చూపించింది, వచ్చేటప్పుడు 760. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ వీస్తుంది. చలికాలంలో జపాన్ మీద మరీ ఉధృతం, గంటకి 200 కిలోమీటర్లు దాటడం మామూలే. ఎండాకాలంలో బలం తగ్గి ఉత్తరానికి జరుగుతుంది, అప్పుడు పోను రానుల తేడా కూడా తగ్గుతుంది. పోయేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పోతే సరికి సరి కదా అనిపిస్తుంది. కాదు. 6,000 కిలోమీటర్లు, విమానం వేగం అదే 900, గాలి 120 అనుకుంటే పోను 5:53, రాను 7:42, కలిపి 13:35. గాలి లేకపోతే 13:20. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే ఎక్కువ.

ఇక్కడిదాకా తప్పంతా గాలిదే అనుకుంటూ రాశాను. కానీ గాలి తోస్తే పోను ఆరు గంటల్లోపే అయిపోవాలిగా, ఏడున్నర ఎందుకు? టికెట్ టైము విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా విమానం నెమ్మదిగా వెళ్ళడం, గాల్లోకి ఎక్కడం, కిందికి దిగడం, ఆలస్యాలకి వేసుకున్న కాస్త వెసులుబాటు, అన్నీ అందులోనే.

అసలు కారణం టిబెట్. గ్లోబు మీద ఆ దారం సరిగ్గా దాని మీదుగానే పోతుంది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే విమానం వెంటనే 10,000 అడుగులకి దిగాలి. అక్కడ నేలే సగటున 4,500 మీటర్లు, అంటే దాదాపు 15,000 అడుగులు. దిగడానికి చోటేదీ? పైనుంచి జారే మాస్కుల్లో ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంటకి అటూ ఇటూ. అందుకే మామూలుగా దక్షిణంగా వంగి మయన్మార్, చైనాలోని కున్‌మింగ్ వైపు తిరిగి పోతాయి. ఆ చుట్టు పోనూ ఉంది, రానూ ఉంది. పోను రానుల మధ్య తేడా మాత్రం గాలిదే.

అమ్మ మోకాళ్ళకి ఆరు గంటలు వేరు, తొమ్మిదిన్నర వేరు. తిరుగులో కిటికీ సీటు తీసుకుంది అక్క. పొద్దున్నే ఫోన్ చేసి నడవా పక్క సీటుకి మార్పించాలి, గంటకోసారి లేచి నాలుగడుగులు వేసేలా.