మొదటి విమానానికి బరువు లెక్క

శిక్షణకూ వారాంతపు ప్రయాణాలకూ పనికివచ్చే చిన్న విమానం కొనదలచినవారు ముందుగా ధర, వేగం, సీట్ల సంఖ్య అడుగుతారు. నేనైతే మొదట ఆ విమానపు ఖాళీ బరువు ఎంతో అడుగుతాను.

రెండు సీట్ల శిక్షణ విమానమైన సెస్నా 152 గరిష్ఠ టేకాఫ్ బరువు సుమారు 757 కిలోలు. అందులోంచి ఖాళీ బరువు తీసివేస్తే మనుషులకూ ఇంధనానికీ సామానుకూ కలిపి దాదాపు 235 కిలోలు మిగులుతాయి. మామూలు ట్యాంకులు నింపితే అందులో 67 కిలోలు ఇంధనానికే పోతాయి కనుక, చెరో 80 కిలోలున్న ఇద్దరు ఎక్కాక చిన్న చేతిసంచికి మాత్రమే వీలుంటుంది. శిక్షణకు ఇది పెద్ద ఇబ్బంది కాదు, ఎందుకంటే గంట పాఠానికి ట్యాంకులు నిండుగా ఉండనక్కరలేదు. ఇద్దరు సామానుతో దూరం వెళ్లాలంటే మాత్రం ఇంధనం తగ్గించుకోవాలి, అంటే దారిలో ఒకసారి దిగాలి.

1956లో అమ్మకానికి వచ్చి, ఇప్పటికి 44,000కు పైగా తయారైన సెస్నా 172కు నాలుగు సీట్లున్నా, ట్యాంకులు నింపి నలుగురు పెద్దవాళ్లను ఎక్కిస్తే చాలా పాత మోడళ్లలో సామానుకు బరువు మిగలదు. దానిని ఇద్దరు మనుషులూ వారి సామానూ హాయిగా పట్టే విమానంగా చూస్తే నిరాశ కలగదు. 152 కన్నా గంటకు పది లీటర్ల దాకా ఎక్కువ ఇంధనం తాగినా, రెండు అవసరాలకూ ఒకే విమానం కావాలనుకునేవారికి నేను దీనినే సూచిస్తాను. పైపర్ చెరోకీ కూడా మంచిదే. అయితే దానికి తలుపు ఒక్కటే, అదీ కుడివైపున, పైగా ఎగురుతున్నప్పుడు ఇంజన్‌కు ఇంధనం ఏ ట్యాంకు నుంచి అందాలో ఎప్పటికప్పుడు మార్చుకుంటూ ఉండాలి. రెక్కలు సెస్నాలకులా పైన ఉండాలా, చెరోకీకిలా కింద ఉండాలా అన్న వాదన కాలక్షేపానికి బాగుంటుంది.

అసలు జాగ్రత్త ఇంజన్ దగ్గర కావాలి. ఈ విమానాలలో ఎక్కువగా కనిపించే లైకమింగ్ ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) పైభాగాన ఉంటుంది కనుక, నెలల తరబడి కదలకుండా ఉంచితే దాని మీది నూనె కిందికి జారిపోయి తుప్పు పట్టే ప్రమాదం ఉంది. అందుకే ఇరవై ఏళ్లలో 400 గంటలు మాత్రమే ఎగిరిన ఇంజన్ కన్నా, క్రమం తప్పకుండా ఎగురుతూ 1,200 గంటలు పూర్తిచేసిన ఇంజన్‌నే నేను ఎక్కువ నమ్ముతాను. చాలాకాలం నిలిపి ఉంచిన విమానమైతే, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్ చేత ఒక సిలిండర్ విప్పించి క్యామ్‌షాఫ్ట్ చూడనివ్వమని అడుగుతాను. అందుకు ఒప్పుకోకపోతే, ధర ఎంత తగ్గించినా ఆ బేరం వదులుకుంటాను.