ఎండువాగు మీద మట్టికట్టకు అలుగే ప్రాణం

లిబియాలో దెర్నా వాగు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండే ఉంటుంది. వరదను ఆపడానికి 1970ల్లో దాని మీద రెండు కట్టలు వేశారు. ఎగువన అబూ మన్సూర్: ఎత్తు 75 మీటర్లు, నిల్వ 2.25 కోట్ల ఘనమీటర్లు, మన లెక్కలో 0.8 టీఎంసీ. ఊరిని ఆనుకుని అల్ బిలాద్: ఎత్తు 45 మీటర్లు, పైదాంట్లో పట్టే నీళ్లలో పదో వంతు కూడా పట్టదు. రెండు కట్టల్లోనూ మధ్యలో నీటిని ఆపే బంకమట్టి గోడ (హార్టింగ్), దానికి ఇరుపక్కలా రాతి కప్పు (కేసింగ్). 1986 వరదకు నిలిచాయి. 2023 సెప్టెంబర్ 10 అర్ధరాత్రి దాటాక, డానియల్ తుపానుకు రెండూ తెగాయి. పైకట్ట నీళ్లు మీద పడితే కిందికట్ట చేయగలిగిందేమీ లేదు.

అందరూ పగుళ్ల గురించే మాట్లాడారు. 1998లోనే అవి కనిపించిన మాట నిజమే గానీ, నా దృష్టిలో అసలు లోపం అలుగుది. అక్కడున్నది మన చెరువులకుండే పొడవాటి అలుగు కాదు, జలాశయంలో నిలబెట్టిన కాంక్రీటు గరాటు; అంచు దాటిన నీళ్లు అందులో పడి కింది గొట్టం గుండా కట్ట దిగువకు పోతాయి. దాని అంచు మీద నీటిమట్టం రెట్టింపైతే పారుదల దాదాపు 2.8 రెట్లవుతుంది. గరాటు పూర్తిగా మునిగాక ఆ లెక్క చెల్లదు. మట్టం ఇంకో మీటరు పెరిగినా కింది గొట్టం లాగేది కాస్తంతే ఎక్కువ. వచ్చే వరద మాత్రం ఆగదు. మిగిలిన దారి కట్ట మీదుగానే. పొర్లిన నీరు ముందు దిగువ వాలును కోస్తుంది, కోత పైకి పాకి కట్ట నెత్తిని తాకిందంటే గండే.

2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టా పొర్లే కొట్టుకుపోయింది. ఎగువన పించ దగ్గర గండి పడి ఆ నీళ్లూ తోడయ్యాయి. ఉన్న ఐదు గేట్లలో ఒకటి లేవలేదు.

పగుళ్లను వదిలేయమని కాదు. ఏళ్ల తరబడి ఎండిన కట్టకు ప్రతి పెద్ద వరదా మొదటిసారి నిండటం లాంటిదే, పగులు హార్టింగ్‌లోకి దిగి ఉంటే అక్కడే బుంగ పడుతుంది. పగులులో ముందు సున్నపునీళ్లు పోయాలి. తవ్వుతూ పోతే తెల్లగీత ఎక్కడ ఆగిందో పగులు అక్కడిదాకా ఉన్నట్టు. ఇంకో అడుగు లోతు తీసి, తగినంత తడిపిన బంకమట్టిని 15 సెంటీమీటర్ల పొరలుగా వేసి దిమ్మిస కొట్టాలి. పైపైన మట్టి కప్పితే పగులు కనబడదు, అంతే.

కట్ట నెత్తిన లెవెల్ కూడా చూడాలి. ఎత్తు ఎక్కువగా ఉన్న చోట, అంటే వాగు నడుమ, కుంగుదలా ఎక్కువే. అందుకే కట్టేటప్పుడే అక్కడ కాస్త ఎత్తు అదనంగా పోస్తారు. అది కరిగి పల్లం పడితే పొర్లే నీరంతా అటే చేరుతుంది, కట్ట పొడవునా పలచగా పారాల్సింది ఒక్కచోటే దూకుతుంది. వానలకు ముందు 30 మీటర్లకో రీడింగ్ తీస్తే ఆ పల్లం తెలిసిపోతుంది.